టామ్‌క్యాట్ నుంచి యాక్టివ్‌ఎంక్యూకి: ఒక్క లైను వెనకున్న నిర్ణయాలు

సంక్రాంతికి వారం ముందు బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటును తీసుకుందాం. ప్రయాణికుడు డబ్బు కట్టగానే సీటు ఖరారు కావాలి, టికెట్ పీడీఎఫ్ తయారవ్వాలి, ఎస్‌ఎంఎస్ వెళ్లాలి, మెయిల్ వెళ్లాలి. ఇన్ని పనులూ ఒకే రిక్వెస్టులో చేయిస్తే, ఎస్‌ఎంఎస్ గేట్‌వే ఐదు సెకన్లు ఆలస్యం చేసినప్పుడు ప్రయాణికుడూ ఐదు సెకన్లు కాచుకోవాలి. సైటును నడిపే సర్వర్ టామ్‌క్యాట్ అనుకుంటే, అందులో అతని రిక్వెస్టు పని చూస్తున్న థ్రెడ్ కూడా అంతసేపూ ఇరుక్కునే ఉంటుంది. టామ్‌క్యాట్ మామూలు సెట్టింగులో ఒక కనెక్టరుకు గరిష్ఠంగా 200 థ్రెడ్లే ఇస్తుంది. పండగ రద్దీలో ఆ 200 నిండటానికి ఎంతోసేపు పట్టదు. అందుకే సీటు ఖరారు చేసే పని మాత్రం అక్కడికక్కడ ముగించి, మిగతా పనులను మెసేజ్‌లుగా రాసి బ్రోకర్ అనే మధ్యవర్తి ప్రోగ్రాం చేతిలో పెడతారు. బ్రోకర్ వాటిని క్యూలో భద్రంగా ఉంచుతుంది. వెనక ఉన్న మరో ప్రోగ్రాం తన వేగంతో తాను ఒక్కొక్కటే తీసి పూర్తి చేస్తుంది.

జావాలో ఈ ఏర్పాటుకు బాగా అలవాటైన జంట వెబ్ సర్వర్ టామ్‌క్యాట్, బ్రోకర్ యాక్టివ్‌ఎంక్యూ. రెండూ అపాచీ ఫౌండేషన్‌వే, రెండూ ఉచితం. రెంటినీ కలపడం చాలా తేలిక. ల్యాప్‌టాప్‌లో బ్రోకర్ స్టార్ట్ చేసి, యాప్‌లో దాని అడ్రసు ఒక లైను రాస్తే మొదటి మెసేజ్ వెళ్లిపోతుంది. చాలా ప్రాజెక్టుల్లో కాన్ఫిగరేషన్ పని అక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ ఆ లైనులో రాయని విషయాలన్నీ డిఫాల్టుల మీద నడుస్తుంటాయి. బ్రోకర్ ఆగిపోతే ఎంతసేపు ఎదురుచూడాలి, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి, ఒక్కో సర్వరు ఎన్ని మెసేజ్‌లు ముందుగానే తెచ్చుకోవాలి? వీటన్నిటికీ లైబ్రరీ రాసినవాళ్లు ఏదో ఒక జవాబు పెట్టే ఉంచారు. ఆ జవాబులు మంచివే, కానీ బస్సు టికెట్ల సైటును దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు.

ఇంత స్వేచ్ఛ ఎందుకు మిగిలిందో తెలియాలంటే జేఎంఎస్ (జావా మెసేజ్ సర్వీస్) అనే ప్రమాణం వైపు ఒకసారి చూడాలి. 1998లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఈ ప్రమాణం, జావా కోడు మెసేజ్ ఎలా పంపాలో, ఎలా అందుకోవాలో చెబుతుంది. బ్రోకర్ దాకా ఎలా చేరాలో మాత్రం చెప్పదు. అడ్రసు, పాస్‌వర్డు, తీగ మీద నడిచే ప్రోటోకాల్, ఇవన్నీ బ్రోకర్ తయారుచేసినవాళ్లకే వదిలేసింది. బ్రోకర్‌తో కనెక్షన్లు తెరిచిపెట్టే కనెక్షన్ ఫ్యాక్టరీ అనే వస్తువును అడ్మినిస్ట్రేటర్ బయట సిద్ధం చేసి పెడతాడు, కోడు దాన్ని పేరుతో అడిగి తీసుకుంటుంది, అదీ పద్ధతి. అందుకే యాక్టివ్‌ఎంక్యూకి పనికొచ్చిన సెట్టింగు రాబిట్‌ఎంక్యూ అనే మరో బ్రోకర్‌కి పనికిరాదు. యాక్టివ్‌ఎంక్యూ తన ఓపెన్‌వైర్ ప్రోటోకాల్‌తో 61616 పోర్టులో వింటుంది. రాబిట్‌ఎంక్యూ ఏఎంక్యూపీతో 5672లో వింటుంది.

జార్ ఫైళ్ల దగ్గర మొదటి చిక్కు

టామ్‌క్యాట్ పూర్తి స్థాయి జావా ఎంటర్‌ప్రైజ్ సర్వర్ కాదు. వెబ్ పేజీలు అందించే సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు నడుపుతుంది కానీ జేఎంఎస్ దానిలో లేదు. కాబట్టి యాక్టివ్‌ఎంక్యూ క్లయింట్ జార్లను (లైబ్రరీ కోడు ఉండే ఫైళ్లను) మనమే తెచ్చిపెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. యాప్ మొత్తాన్ని కట్టిన వార్ ఫైల్ లోపలా, టామ్‌క్యాట్ సొంత లిబ్ ఫోల్డర్‌లోనా? కనెక్షన్ ఫ్యాక్టరీని సర్వర్ స్థాయిలో గ్లోబల్ రిసోర్సుగా ప్రకటిస్తే, దాన్ని తయారుచేసేది టామ్‌క్యాట్ కాబట్టి జార్లు టామ్‌క్యాట్ లిబ్‌లోనే ఉండాలి. అదే జార్ వార్ లోపల కూడా మిగిలిపోతే ఒకే క్లాసును రెండు క్లాస్‌లోడర్లు (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగాలు) విడివిడిగా లోడ్ చేస్తాయి. అప్పుడు లాగ్‌లో వచ్చే ఎర్రర్ చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫలానా క్లాసును ఫలానా క్లాసుగా మార్చలేం అంటుంది, రెండు చోట్లా ఉన్నది ఒకే పేరు. పేరు ఒకటే అయినా లోడ్ చేసినవాళ్లు వేరైతే జావా దృష్టిలో అవి రెండు వేర్వేరు క్లాసులు. ఇది తెలియక గంటలకొద్దీ కోడులో తప్పు వెతికేవాళ్లు ఉన్నారు. జార్‌ను ఒకచోట తీసేస్తే సరిపోతుంది.

రెండో చిక్కు పేరు మార్పిడిది. ఒరాకిల్ జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాక, జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారాయి. జేఎంఎస్ ప్యాకేజీల పేరు కూడా 2020లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అలాగే మారింది. టామ్‌క్యాట్ 9 దాకా సర్వ్‌లెట్లకు పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. జావా యాప్‌లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్కులైన స్ప్రింగ్ 6, స్ప్రింగ్ బూట్ 3 జేఎంఎస్‌కు కూడా కొత్త పేరే కావాలంటాయి. యాక్టివ్‌ఎంక్యూ 5 వరసలోని మామూలు క్లయింట్ జార్ పాత పేరుతో ఉంటుంది, 6 వరస కొత్త పేరుతో ఉంటుంది. పాత క్లయింట్‌ను కొత్త స్ప్రింగ్ పక్కన పెడితే క్లాసు దొరకలేదనే ఎర్రర్ తప్పదు. ఇదంతా యాప్ లోపలి జార్ల మధ్య గొడవ. తీగ మీద నడిచేది అదే ఓపెన్‌వైర్ కాబట్టి బ్రోకర్ వైపు ఏ పేరుందన్నది దీనికి సంబంధం లేని విషయం. బ్రోకర్‌ను మార్చే ముందు యాప్‌లో ఉన్న క్లయింట్ జార్ వెర్షన్ చూడటం మంచిది.

అడ్రసు ఎక్కడ ఉండాలి

టామ్‌క్యాట్‌లో కాంటెక్స్ట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రిసోర్స్ ట్యాగ్ రాసి, దానికి ఒక జేఎన్‌డీఐ పేరు (కోడు వెతకడానికి వాడే పేరు), ఫ్యాక్టరీ క్లాసు, బ్రోకర్ యూఆర్‌ఎల్, యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇస్తారు. యాప్ ఆ పేరుతో వెతికి ఫ్యాక్టరీని తీసుకుంటుంది. ఈ ఫైల్‌ను వార్ లోపల పెట్టవచ్చు, బయట టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్ కింద యాప్ పేరుతోనూ పెట్టవచ్చు. బయట పెట్టడమే మేలు. టెస్ట్ సర్వర్‌లో పరీక్షించిన వార్ ఫైలే ఒక్క అక్షరం మారకుండా ప్రొడక్షన్‌కు వెళ్లాలి. అడ్రసు వార్ లోపల ఉంటే ప్రతి చోటికీ వేరే వార్ కట్టాలి. ఏదో ఒకరోజు టెస్ట్ కోసం కట్టింది ప్రొడక్షన్‌కు వెళుతుంది, అసలైన ప్రయాణికుల టికెట్లు టెస్ట్ బ్రోకర్ క్యూలో పడతాయి. పైగా పాస్‌వర్డు కోడుతోపాటు గిట్‌లోకి ఎక్కుతుంది. స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లకు ఈ ఫైల్ బదులు ప్రాపర్టీస్ ఫైల్ ఉంటుంది, పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోవచ్చు. పద్ధతి వేరు, సూత్రం అదే.

యూఆర్‌ఎల్ రాయడంలో కొన్ని చిన్న తప్పులు పదేపదే కనిపిస్తాయి. ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రెండు ఆప్షన్ల మధ్య వచ్చే & గుర్తును అలాగే వదిలేస్తే ఫైలే చదవబడదు, దాన్ని ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో & అని రాయాలి. డాకర్ కంటైనర్‌లో, అంటే మెషీన్ లోపలే విడిగా ఉంచిన డబ్బా లాంటి చోట నడిచే యాప్‌కు లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే తప్ప బయటి మెషీన్ కాదు, అందుకే ల్యాప్‌టాప్‌లో నడిచిన అడ్రసు కంటైనర్‌లో కనెక్షన్ నిరాకరించారనే ఎర్రర్ ఇస్తుంది. వీటికన్నా ప్రమాదకరమైనది వీఎం అని మొదలయ్యే యూఆర్‌ఎల్. నెట్‌లో దొరికే చాలా నమూనాల్లో ఇదే ఉంటుంది. బ్రోకర్‌కు కావలసిన జార్లు అందుబాటులో ఉంటే, ఈ యూఆర్‌ఎల్ బయటి బ్రోకర్ దగ్గరికి వెళ్లకుండా యాప్ నడిచే జేవీఎం (జావా కోడును నడిపే ప్రోగ్రాం) లోపలే కొత్త బ్రోకర్‌ను పుట్టిస్తుంది. ఏ ఎర్రరూ రాదు. మెసేజ్‌లు వెళ్తున్నట్టే ఉంటాయి, బయటి బ్రోకర్ కన్సోల్‌లో మాత్రం ఒక్కటీ కనిపించదు.

బ్రోకర్ పడిపోతే

అసలు విషయం ఇది. మామూలు టీసీపీ యూఆర్‌ఎల్‌తో తెరిచిన కనెక్షన్ ఒకసారి తెగితే ఆ కనెక్షన్ ఆబ్జెక్ట్ ఇక పనికిరాదు, కొత్తది తెరవాల్సిందే. ఈ బాధ తప్పించడానికే యాక్టివ్‌ఎంక్యూలో ఫెయిలోవర్ యూఆర్‌ఎల్ ఉంది. బ్రాకెట్లలో ఒకటో రెండో బ్రోకర్ అడ్రసులు ఇస్తే, ఒకటి పోయినప్పుడు లైబ్రరీయే రెండోదానికి మారుతుంది, ఏదీ దొరక్కపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మొదట 10 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత ప్రతిసారీ వ్యవధి రెట్టింపు చేస్తూ 30 సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది. ఎన్నిసార్లు? డిఫాల్టుగా లెక్కే లేదు, దొరికేదాకా.

వినడానికి బాగుంది. మెసేజ్‌లు అందుకునే వైపు ఇది సరిగ్గా కావలసిందే. వెనక ప్రోగ్రాం రాత్రంతా ప్రయత్నిస్తూ కూర్చున్నా నష్టం లేదు, బ్రోకర్ లేవగానే పని అందుకుంటుంది. కానీ మెసేజ్ పంపే వైపు, అంటే ప్రయాణికుడి రిక్వెస్టును మోస్తున్న థ్రెడ్ వైపు ఆలోచిస్తే సంగతి తలకిందులవుతుంది. బ్రోకర్ లేనప్పుడు పంపే పిలుపు తిరిగి రాదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. కాలపరిమితి పెట్టకపోతే థ్రెడ్ అక్కడే నిలబడి ఉంటుంది. ఒక్కో బుకింగుకూ ఒక్కో థ్రెడ్ అలా ఆగిపోతుంది. 200 అయ్యాక టికెట్ కొనడమే కాదు, బస్సు వేళలు చూసే పేజీ కూడా తెరుచుకోదు. ఎస్‌ఎంఎస్ గేట్‌వే ఆలస్యం సైటును తాకకూడదని బ్రోకర్‌ను తెచ్చుకుంటే, ఇప్పుడు బ్రోకర్ ఆగితే సైటు మొత్తం ఆగుతోంది. పైగా సీపీయూ ఖాళీగా, మెమరీ మామూలుగా, లాగ్ నిశ్శబ్దంగా ఉండటంతో కారణం ఎక్కడుందో తోచక టెన్షన్ పెరుగుతుంది. ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే థ్రెడ్ డంప్ తీస్తే తప్ప తెలియదు, అందులో థ్రెడ్లన్నీ ఫెయిలోవర్ ట్రాన్స్‌పోర్ట్ అనే ఒకే చోట కాచుకుని కనిపిస్తాయి.

దీనికి మందు టైమౌట్ అనే ఆప్షన్. ఫెయిలోవర్ బ్రాకెట్ల బయట దీన్ని 3000 మిల్లీసెకన్లుగా పెడితే, మూడు సెకన్ల తర్వాత పంపే పిలుపు ఎక్సెప్షన్ విసురుతుంది, థ్రెడ్ విడుదలవుతుంది. బ్రాకెట్ల లోపల రాసే ఆప్షన్లు ఆ ఒక్క బ్రోకర్ అడ్రసుకు, బయట రాసేవి ఫెయిలోవర్ మొత్తానికి వర్తిస్తాయి. ఏది ఎక్కడ రాయాలో చూసుకోకపోతే పెట్టామనుకున్న పరిమితి పనిచేయదు. మెసేజ్ పంపేవాళ్లకు, అందుకునేవాళ్లకు వేర్వేరు కనెక్షన్ ఫ్యాక్టరీలు పెట్టడం ఇక్కడ చాలా ఉపయోగం. పంపే వైపు చిన్న టైమౌట్, అందుకునే వైపు అంతులేని ఓపిక. బ్రోకర్ మెమరీ నిండినప్పుడు అది పంపేవాళ్లను నెమ్మదించేలా చేస్తుంది, దీన్నే ప్రొడ్యూసర్ ఫ్లో కంట్రోల్ అంటారు. కనెక్షన్లు వేరుగా ఉంటే ఆ నిరోధం అందుకునేవాళ్ల దాకా పాకదు.

మూడు సెకన్ల తర్వాత ఎక్సెప్షన్ వచ్చింది, మరి ఆ మెసేజ్ ఏమవ్వాలి? ఇది కాన్ఫిగరేషన్ ఫైల్ తేల్చే ప్రశ్న కాదు, కానీ టైమౌట్ విలువ రాసిన క్షణంలోనే తేల్చుకోవాలి. ప్రయాణికుడి డబ్బు అప్పటికే తీసుకున్నాం, కాబట్టి ఎర్రర్ పేజీ చూపించి ఊరుకోవడం అన్యాయం. సీటు ఖరారు చేసే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లోనే, పంపాల్సిన మెసేజ్‌ను కూడా ఒక టేబుల్లో రాసిపెట్టడం నమ్మదగిన దారి. తర్వాత వేరే థ్రెడ్ ఆ టేబుల్ చూస్తూ బ్రోకర్‌కు పంపుతుంది. ఇలా చేస్తే అప్పుడప్పుడు ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంటుంది కాబట్టి, టికెట్ నంబరు చూసి రెండోదాన్ని వదిలేసేలా అందుకునే కోడు రాయాలి. కొంత అదనపు పనే, అయినా డబ్బు కట్టినవాడి టికెట్ పోకుండా చూడటానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు బ్రోకర్ లేకపోతే ఏం చేయాలన్నది దీనికి తోడు ప్రశ్న. ఫెయిలోవర్ డిఫాల్టులో స్టార్టప్ కోడు కనెక్షన్ కోసం అలాగే కాచుకుంటుంది, టామ్‌క్యాట్ డిప్లాయ్‌మెంట్ పూర్తి కాదు. స్టార్టప్ ప్రయత్నాలకు విడిగా పరిమితి పెట్టే ఆప్షన్ ఉంది. మెసేజ్ పంపడమే ప్రధాన పనైన యాప్ అయితే త్వరగా విఫలమై గట్టిగా చెప్పడం మంచిది. టికెట్ల సైటు లాంటిదైతే, పైన చెప్పిన టేబుల్ ఉన్నప్పుడు, బ్రోకర్ లేకున్నా లేచి పని మొదలుపెట్టడమే సబబు.

మరో డిఫాల్టును కావాలని చెడగొట్టుకునే అలవాటు ఉంది. కనెక్షన్ బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు వైపులా చిన్న సంకేతాలు పంపుకుంటాయి, 30 సెకన్లు ఏ కదలికా లేకపోతే తెంచేస్తాయి. ఛానెల్ మరీ ఎక్కువసేపు నిశ్చలంగా ఉందనే హెచ్చరిక లాగ్‌లో కనబడగానే, ఆ పరిమితిని సున్నా చేసి నిఘానే తీసేస్తారు కొందరు. హెచ్చరిక పోతుంది కానీ, మధ్యలో ఫైర్‌వాల్ మౌనంగా తెంచిన కనెక్షన్‌ను రెండు వైపులా బతికే ఉందనుకుంటాయి. అందుకునే ప్రోగ్రాం రాని మెసేజ్ కోసం గంటల తరబడి కూర్చుంటుంది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు వెతకాల్సింది నెట్‌వర్క్‌లో, లేదంటే వాడని మెమరీని శుభ్రం చేయడానికి జేవీఎం ఆగే గార్బేజ్ కలెక్షన్ విరామాల్లో.

వేగం సంగతి

స్ప్రింగ్‌లో మెసేజ్‌లు పంపడానికి వాడే జేఎంఎస్ టెంప్లేట్‌కు నేరుగా యాక్టివ్‌ఎంక్యూ ఫ్యాక్టరీని ఇస్తే, ప్రతి మెసేజ్‌కూ కొత్త కనెక్షన్ తెరిచి, పంపి, మూసేస్తుంది. ఒక్క ఎస్‌ఎంఎస్ సమాచారం కోసం టీసీపీ కలపడం, పాస్‌వర్డు చూపడం, సెషన్ తెరవడం, అన్నీ మొదటినుంచి. రద్దీ లేనప్పుడు తేడా తెలియదు. మధ్యలో కనెక్షన్ పూల్ గానీ, స్ప్రింగ్ ఇచ్చే క్యాషింగ్ ఫ్యాక్టరీ గానీ పెట్టాలి. స్ప్రింగ్ బూట్ డిఫాల్టుగానే ఈ క్యాషింగ్ పెడుతుంది. కనెక్షన్‌ను ఎన్ని థ్రెడ్లైనా పంచుకోవచ్చు, దానిలో మెసేజ్‌ల పని జరిగే సెషన్‌ను మాత్రం ఒకేసారి రెండు థ్రెడ్లు వాడకూడదు. ఇది జేఎంఎస్ నియమం. సర్వ్‌లెట్‌లో సెషన్‌ను ఫీల్డుగా దాచుకున్న కోడు తక్కువ రద్దీలో నడిచి, పండగనాడు విరుగుతుంది. స్ప్రింగ్ లేకుండా చేతితో రాసేవాళ్లు కనెక్షన్‌పై స్టార్ట్ పిలవడం మరిచిపోతుంటారు. పంపడం నడుస్తుంది, అందుకోవడం మాత్రం ఒక్కటీ జరగదు.

ప్రీఫెచ్ గురించి కాస్త లెక్క వేసి చూడాలి. క్యూ నుంచి అందుకునే ఒక్కో కన్స్యూమర్‌కు యాక్టివ్‌ఎంక్యూ డిఫాల్టుగా 1000 మెసేజ్‌ల వరకు ముందుగానే పంపి ఉంచుతుంది. చిన్న చిన్న పనులకు ఇది గొప్ప వేగం ఇస్తుంది. కానీ ఒక్కో టికెట్ పీడీఎఫ్‌కు రెండు సెకన్లు పడుతుందనుకుందాం. క్యూలో 800 మెసేజ్‌లు పేరుకున్నాయి, పనిచేస్తున్నది ఒక్క కన్స్యూమరే. ఆ 800 అప్పటికే దాని దగ్గరికి చేరిపోయాయి. రద్దీ చూసి రెండో సర్వర్ కలిపితే దానికి చేయడానికి ఏమీ మిగలదు. మొదటిది ఒక్కటే 1600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు కష్టపడుతుంటే పక్కది ఖాళీగా కూర్చుంటుంది. ప్రీఫెచ్‌ను 1 లేదా 10 దాకా తగ్గిస్తే కొత్త సర్వర్ వెంటనే చేయి వేస్తుంది. అదే యూఆర్‌ఎల్‌లో ఒక ఆప్షన్‌గా రాస్తే చాలు.

ప్రాసెస్ చేయలేని మెసేజ్‌ను యాక్టివ్‌ఎంక్యూ క్లయింట్ డిఫాల్టుగా ఆరుసార్లు మళ్లీ ఇస్తుంది. ఒక్కో సెకను ఎడంతో ఆరుసార్లు అంటే పది సెకన్లలోపే అయిపోతుంది, తర్వాత అది విఫలమైన మెసేజ్‌లు చేరే డెడ్ లెటర్ క్యూలోకి పోతుంది. ఎస్‌ఎంఎస్ గేట్‌వే ఐదు నిమిషాలు పడకేస్తే ఆ ఐదు నిమిషాల టికెట్లన్నీ అక్కడే చేరతాయి. మళ్లీ ప్రయత్నించే వ్యవధిని పెంచుకుంటూ పోయేలా మార్చాలి, ఆ క్యూను రోజూ చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పాలి.

తాళాలు

యాక్టివ్‌ఎంక్యూతో వచ్చే అడ్మిన్ యూజర్‌నేమ్, అడ్మిన్ పాస్‌వర్డు మార్చకుండా ఉంచడం, 61616 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం ఏ పరిస్థితుల్లోనూ సమర్థించలేని పనులు. 2023 అక్టోబరులో బయటపడ్డ సీవీఈ-2023-46604 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం వల్ల, ఆ పోర్టును చేరగలిగినవాళ్లు పాస్‌వర్డు లేకుండానే బ్రోకర్ మెషీన్‌లో తమకు నచ్చిన ఆదేశాలు నడపగలిగారు. దాన్ని ర్యాన్సమ్‌వేర్ ముఠాలు వాడుకున్నాయి. 5.15.16, 5.16.7, 5.17.6, 5.18.3 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. బ్రోకర్‌తోపాటు క్లయింట్‌నూ అప్‌గ్రేడ్ చేయమని అపాచీ సూచించింది. చాలామంది బ్రోకర్‌ను మార్చి, వార్ లోపల పాత క్లయింట్ జార్‌ను మరిచిపోతారు.

యాప్‌కు అడ్మిన్ ఖాతా కాకుండా, తనకు కావలసిన క్యూల మీద మాత్రమే హక్కులున్న యూజర్ ఇవ్వాలి. అలా ఇచ్చిన మొదటి రోజే కనెక్షన్ విఫలమై, అడ్వైజరీ టాపిక్ (బ్రోకర్ తనలో జరిగే మార్పులను ప్రకటించే చోటు) చదవడానికి అనుమతి లేదనే ఎర్రర్ రావచ్చు. యాప్ అలాంటి టాపిక్ ఏదీ వాడకపోయినా, తాత్కాలిక క్యూల సంగతి తెలుసుకోవడానికి క్లయింట్ లైబ్రరీ వెనకనుంచి ఆ టాపిక్‌లను వింటుంది. భయపడి మళ్లీ అడ్మిన్ హక్కులు ఇవ్వనక్కర్లేదు. అడ్వైజరీ టాపిక్‌ల మీద ఆ యూజర్‌కు అనుమతి ఇవ్వవచ్చు, తాత్కాలిక క్యూలు వాడని యాప్ అయితే యూఆర్‌ఎల్‌లో ఆ వినికిడిని ఆపేయవచ్చు.

యాప్‌ను అన్‌డిప్లాయ్ చేసేటప్పుడు కనెక్షన్లు మూయకపోతే యాక్టివ్‌ఎంక్యూ థ్రెడ్లు టామ్‌క్యాట్‌లో మిగిలిపోతాయి. యాప్ థ్రెడ్‌ను ఆపలేదని, మెమరీ లీక్ కావచ్చని టామ్‌క్యాట్ లాగ్‌లో రాస్తుంది. పాత యాప్ తాలూకు కన్స్యూమర్ బతికి ఉంటే అది మెసేజ్‌లు తీసుకుంటూనే ఉంటుంది, కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసినా కొన్ని టికెట్లు పాత కోడుతో తయారవుతాయి. యాప్ ఆగేటప్పుడు టామ్‌క్యాట్ పిలిచే కాంటెక్స్ట్ లిజనర్ ముగింపు మెథడ్‌లో కనెక్షన్లు, పూల్ మూసే రెండు మూడు లైన్లు తప్పకుండా ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా పెట్టారో లేదో కాన్ఫిగరేషన్ ఫైల్ చదివి చెప్పడం కష్టం. టెస్ట్ సర్వర్‌లో సైటు మీద లోడ్ నడుస్తుండగా బ్రోకర్‌ను ఆపేయాలి. బుకింగ్ పేజీ ఎన్ని సెకన్లలో జవాబిస్తుందో, బస్సు వేళల పేజీ మామూలుగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. పది నిమిషాల తర్వాత బ్రోకర్‌ను లేపి, ఆ వ్యవధిలో బుక్ అయిన టికెట్ల సంఖ్యను, బయటికి వెళ్లిన ఎస్‌ఎంఎస్‌ల సంఖ్యను డెడ్ లెటర్ క్యూతో సహా పక్కపక్కన పెట్టి సరిపోల్చాలి.